పునర్నిర్మితమైన టర్బో కారు మరల బాట నెక్కుట

"ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుము" అని మన పెద్దలు చెప్పుదురు. పాత మోటారుకారును విప్పి మరల కూర్చి చూడుమను మాటయు దానికి చేర్చదగినదే. ఆ పనియందు రెండు భాగములు కలవు. విడదీసిన భాగములను శుభ్రపరచి, అరిగినవానిని మార్చి, యథాస్థానమున బిగించుట మొదటిది. అట్లు బిగించిన బండిని ప్రాణభయము లేకుండ బాటమీద నడిపించుట రెండవది. మొదటిదానిని గూర్చి గ్రంథములు పెక్కు కలవు. కొలతలును బిగింపులును అంకెలతోసహా వానియందు దొరకును. రెండవదానియందు మాత్రము జనులు తొందరపడుదురే కాని యోచింపరు. సంవత్సరముల తరబడి శ్రమించినవానికి ఇంజను మొదటిసారి మ్రోగిన దినమున పని ముగిసినట్లే తోచును. నిజమునకు అపాయము ఆ దినముననే మొదలగును. ఈ సంగతిని మేము నష్టపడి నేర్చుకొంటిమి గనుక, యంత్రములయం దాసక్తి గల విద్యార్థులకు తెలుపుటకై ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

మేము చెప్పబోవు కారు జర్మనీదేశపు పోర్షే కంపెనీవారు నిర్మించిన 911 టర్బో. కంపెనీలో దీనికి 930 అను సంఖ్య వాడుకలో నుండెను. 1974 అక్టోబరులో పారిస్ నగరపు మోటారు ప్రదర్శనమున దీనిని లోకమునకు చూపిరి. మరుసటి సంవత్సరమునుండి విక్రయించిరి. దీని ఇంజను బండి ముందుభాగమున గాక, వెనుక చక్రముల యిరుసునకు గూడ వెనుక నుండును. ఆరు సిలిండర్లు మూడేసి చొప్పున రెండు ప్రక్కలకు పరుండియుండును. దీనిని చల్లబరచునది నీరు కాదు, గాలియు చమురును. మొదటి ఇంజను పరిమాణము 2,994 ఘనసెంటీమీటర్లు, బలము 260 అశ్వశక్తి. 1978వ సంవత్సరపు నమూనాతో పరిమాణము 3,299 ఘనసెంటీమీటర్లకును, బలము 300 అశ్వశక్తికిని పెరిగెను. ఈ తరగతి కార్ల నిర్మాణము 1989తో ముగిసెను.

ఇక టర్బో యన నేమి? కొలిమిలోని నిప్పు తిత్తి ఊదిన కొలది మండును గదా. ఇంజనునందును అంతియే. లోనికి పోవు గాలి హెచ్చినచో దానితో కలిసి హెచ్చు పెట్రోలు మండును. హెచ్చు బలము పుట్టును. అయితే తిత్తి నూదువా రెవరు? మండి వెలువడు పొగ ఎంతో వేగముతోడను వేడితోడను వ్యర్థముగా బయటికి పోవుచుండును. ఆ పొగచేతనే తిత్తి నూదింపవచ్చునని స్విట్జర్లాండు దేశీయుడైన ఆల్‌ఫ్రెడ్ బ్యూకి అను ఇంజనీరు తలపోసి, 1905లో పేటెంటు పొందెను. ఒకే యిరుసునకు రెండు కొనలయందును రెండు చిన్న చక్రములు అమర్చుదురు. ఒక చక్రమును పొగ త్రిప్పును. దానితోపాటు తిరుగు రెండవ చక్రము బయటి గాలిని పీల్చి ఇంజనులోనికి త్రోయును. ప్రజలు కొనదగిన కార్లలో ఈ యుపాయమును మొదట ప్రవేశపెట్టినది 1962లో, అమెరికాలోని ఓల్డ్స్‌మొబిల్, షెవ్రొలే కార్లయందు. 911 టర్బోనందు వాతావరణపు ఒత్తిడికి మించి సుమారు 0.8 బార్ ఒత్తిడితో గాలి లోనికి పోవును.

ఈ చిన్న యిరుసు నిమిషమునకు లక్ష చుట్లకు సమీపమైన వేగముతో తిరుగగలదు. పొగచక్రమువైపు వేడి ఎనిమిదివందల డిగ్రీలను దాటును. ఇట్టి వేగమునకును వేడికిని లోహము లోహమును తాకినచో రెప్పపాటులో సర్వము నాశనమగును. అందుచేత ఇరుసునకును దాని చుట్టునున్న బేరింగునకును నడుమ పలుచని చమురు పొర యొకటి ఎల్లప్పుడును ఉండవలెను. ఇరుసు నిజముగా చమురుమీద తేలుచు తిరుగును. టర్బో కారుయొక్క ప్రాణము పెట్రోలులో లేదు, చమురులో నున్నది. ఈ యొక్క మాట పాఠకులు జ్ఞాపకముంచుకొనిన చాలును. తక్కినదంతయు దీనినుండియే తెలియును.

మాకు జరిగిన నష్ట మెట్టిదో ఇపుడు చెప్పుదుము. మేము నలుగురము ఇంగ్లండులో ఉద్యోగములు చేయుచున్న దినములలో, మా మిత్రు డొకడు 1979వ సంవత్సరపు 911 టర్బోను కొనెను. అది చాల యేండ్లు ఒక కొట్టములో కదలక పడియుండెను. బేరింగులు చెడిపోవుటచేతనే పూర్వపు యజమాని దానిని నిలిపివేసెను. ఇంజనును పనివారిచే సంపూర్ణముగా బాగుచేయించి తెచ్చుకొని, దానిని బండికి బిగించుపని మాత్రము మేము పూనుకొంటిమి. పనివారు తమ పని చక్కగా చేసిరి. తప్పు మేము చేసితిమి. ఇంజనునకు తగిలించు చమురును చల్లబరచు పరికరమును, అనగా ఆయిలు కూలరును, పైన తుడిచి, లోన కొంత పెట్రోలు పోసి కడిగి, శుభ్రమైనదని తలచి పాతదానినే బిగించితిమి.

ఆ పరికరమునందు సన్నని కాలువలు పెక్కు కలవు. పూర్వము చెడిన బేరింగుల లోహపు రవ్వలు ఆ కాలువలలో పేరుకొనియుండెను. ఇక్కడ నొక సూక్ష్మము కలదు. చమురు చల్లగా నున్నంతసేపు థర్మోస్టాటు అను తలుపు దానిని కూలరులోనికి పోనీయదు. కావున కొట్టములో నడిపి చూచిన పది నిమిషములలోను, వీధి చివరివరకు పోయివచ్చిన వేళలోను మాకే దోషమును కానరాలేదు. మొదటిసారి దూరప్రయాణము చేసిన దినమున చమురు వేడెక్కెను; తలుపు తెరచుకొనెను; రవ్వలు కదలెను. చమురును వడగట్టు ఫిల్టరు ఈ కారునందు చమురు తొట్టికి మరలిపోవు మార్గమున నుండును గాని, ఈ కూలరునకును బేరింగులకును నడుమ ఉండదు. రవ్వలు తిన్నగా క్రొత్త బేరింగులలోనికే పోయెను. మూడువందల కిలోమీటర్లయినను పూర్తికాక మునుపే, ఇంజను నెమ్మదిగా తిరుగునపుడు చమురు ఒత్తిడిని చూపు ముల్లు క్రిందికి వాలెను. మరల అంతయు విప్పవలసివచ్చెను. మా మిత్రుడు మమ్ము నిందింపలేదు. తల వంచుకొని గడియారపు ముల్లువంక చూచుచు చాలసేపు కారులోనే కూర్చుండెను. ఆ మౌనము నిందకంటె బరువైనది.

రెండవ సారి మేము చేసిన క్రమమునే ఇచ్చట వివరింతుము. ఇది ఇట్టి కార్లన్నిటికిని వర్తించును.

మొదట శుభ్రత. ఒకసారి బేరింగులు చెడిన ఇంజనునందు పాత చమురు తాకిన ప్రతి వస్తువును అనుమానింపవలెను. గొట్టములు, చమురు తొట్టి, థర్మోస్టాటు, ముందుభాగమున నున్న రెండవ కూలరు, ఇవి యన్నియు ఇందు చేరును. సాధ్యమైనచో కూలరును క్రొత్తది వేయుటయే మేలు. పనివారికి పంపి, వేడి ద్రావకమును రెండు దిక్కులనుండియు ప్రవహింపజేసి కడిగింపవచ్చును. అట్లయినను లోపలి కాలువలు కంటికి కనబడవు. మేము రెండవ సారి క్రొత్తదే కొంటిమి. మొదటనే కొనియుండిన, ఆ వ్యయము మేము పోగొట్టుకొన్నదానిలో చిన్న భాగమైయుండెడిది.

రెండవది, మండించుటకు మునుపే చమురు నందించుట. చాల దినములు నిలిచియున్న ఇంజనునందుగాని క్రొత్తగా కూర్చిన ఇంజనునందుగాని చమురు మార్గములు వట్టిపోయియుండును. తాళము త్రిప్పి మండించినచో చమురు చేరునంతలోపల లోహములు పొడిగా రాచుకొనును. కావున నిప్పురవ్వ పుట్టించు స్పార్కు ప్లగ్గులను ఆరింటిని తీసివేయవలెను. అపుడు సిలిండర్లలో గాలి అణగదు గనుక ఇంజను తేలికగా తిరుగును. పెట్రోలు పంపు ఆడకుండ చేయవలెను. విద్యుత్తు నిప్పురవ్వ పుట్టకుండ దాని తీగె నూడదీయవలెను. ఈ కారునందు ఆ విద్యుత్తు చాల తీవ్రమైనది గనుక అశ్రద్ధ తగదు. టర్బోకు చమురు తెచ్చు గొట్టమును విప్పి, ఆ రంధ్రమున కొంచెము శుభ్రమైన చమురు పోసి, ఇరుసును వ్రేలితో త్రిప్పి చూడవలెను. పిమ్మట స్టార్టరు మోటారుతో ఇంజనును కొలది క్షణములు త్రిప్పుచు, మోటారు చల్లబడుటకై నడుమ నడుమ ఆగుచు, ఒత్తిడిముల్లు పైకి లేచువరకు చేయవలెను. ముల్లు లేవనిచో ఎంత పొద్దుపోయినను మండింపరాదు. ఆ సాయంకాలము మా ముల్లు వెంటనే లేవలేదు. గొట్టపు బిగింపులను మరల పరీక్షించి, మరల త్రిప్పితిమి. కడపట అది వణకుచు లేచినపుడు మేము పండుగ చేసికొంటిమి. ఇంజను ఇంకను మ్రోగనే లేదు!

ఈ కారునందు మరియొక విశేషము కలదు. టర్బో ఇంజనునకు క్రిందుగా నమర్చబడియుండును. కావున దానిని తడిపిన చమురు తనంత తాను మరలిపోజాలదు. కామ్‌షాఫ్టుచే నడుపబడు చిన్న పంపొకటి ఆ చమురును తోడి వెనుకకు పంపును. ఆ పంపు బలహీనమైనచో చమురు టర్బోలో నిండి, పొగ గొట్టములోనికి చొరబడి, నీలి పొగ దట్టముగా వెలువడును. అది చూచి ఇంజనే చెడినదని బెదరి మరల విప్పినవారు కలరు. కారణము నెరుగుట సగము వైద్యము.

మూడవది, మొదటి మంట. ప్లగ్గులను బిగించి, పెట్రోలు పంపును మరల కలిపి, అగ్నిమాపకమును చేతికందునట్లు పెట్టుకొని, ఒకడు ముల్లును, ఒకడు ఇంజనును, ఒకడు నేలమీద కారుబొట్లను చూచుచుండగా తాళము త్రిప్పవలెను. అగ్నిమాపకమును గూర్చి చెప్పినది ఆడంబరమునకు కాదు. ఈ కారునందు బాష్ కంపెనీవారి కే-జెట్రానిక్ అను పద్ధతిచే పెట్రోలు ఎడతెగక ఒత్తిడితో ప్రవహించుచుండును. నలుబదియేండ్ల రబ్బరుగొట్టము పగిలినచో ఆ పెట్రోలు ఎర్రగా కాలుచున్న టర్బోమీదనే చిమ్మును. ఇట్టి మంటలలో ఎన్నియో మంచి కార్లు బూడిదయైనవి. అదియును గాక నేటి పెట్రోలులో ఎథనాలు కలియుచున్నది. గ్రేట్ బ్రిటనులో 2021 సెప్టెంబరునుండి సాధారణపు పెట్రోలునందు నూటికి పదివంతులవరకు ఎథనాలు ఉండవచ్చునని యేర్పరచిరి. మన భారతదేశమున 2025 నాటికి అది నూటికి ఇరువది వంతులయ్యెను. పాత రబ్బరును ఇది మెత్తబరచి చీల్చును. కావున పెట్రోలు తాకు ప్రతి గొట్టమును ఎథనాలున కోర్చు క్రొత్తదానితో మార్చవలెను. ఇంజను బాగుచేయుటకు ధారాళముగా ధనము వెచ్చించి, గొట్టములకడ పొదుపు చూపుట ఏనుగును కొని అంకుశమునకు వెనుదీయుటయే యగును.

ఇంజను మ్రోగిన పిమ్మట చమురు మట్టమును చూడవలెను. ఇందును క్రొత్తవారు పొరబడుదురు. తక్కిన కార్లలో ఇంజను నాపి చూతుము. 911నందు చమురు ప్రత్యేకమైన తొట్టిలో నుండును గనుక, ఇంజను వేడెక్కి, సమతలమున నెమ్మదిగా తిరుగుచుండగనే పుల్లనుంచి చూడవలెను. చల్లగా నున్నపుడు చూచి తక్కువయని తలచి పోసినచో చమురు అధికమై పొంగును. మొదటి నడకల తరువాత ఆ చమురును తీసివేసి, ఫిల్టరును కోసి విప్పి, మడతలలో మెరయు రవ్వలు కలవేమో వెలుతురున పరీక్షింపవలెను. అయస్కాంతమున కంటునవి ఇనుము. అంటనివి బేరింగు లోహమో అల్యూమినియమో కావచ్చును. మా మొదటి ప్రయత్నమున ఈ పరీక్ష చేసియుండిన, దూరప్రయాణమునకు తరువాతనైనను దోషము ముందుగా తెలిసియుండెడిది.

నాల్గవది, నడుచుటకు మునుపు నిలుచుట నేర్పుట. ఇంజనుపై గల మోహముచేత జనులు బ్రేకులను మరతురు. బ్రేకులలో వాడు ద్రవము గాలిలోని తేమను పీల్చుకొనును. తేమ గల ద్రవము వేడెక్కినపుడు ఆవిరియగును. ఆవిరి అణగునే కాని ఒత్తిడిని చేరవేయదు. పెడలు నేలవరకు పోవును, బండి ఆగదు. అందుచే ఆ ద్రవమును రెండేండ్ల కొకసారి మార్చవలెను. నిలిచియున్న బండికి తప్పక మార్చవలెను. బ్రేకుల రబ్బరుగొట్టములు పైకి బాగుగానే కనబడుచు లోన ఉబ్బి మూసికొనిపోవచ్చును. అపుడు పెడలును విడిచినను చక్రమును బ్రేకు విడువదు. టైర్లును అట్లే. గాళ్లు లోతుగా నున్నంతమాత్రమున టైరు మంచిదని తలపరాదు. నిలిచియున్నను రబ్బరు ముదురును. 2000వ సంవత్సరమునుండి టైరుప్రక్కన నాలుగంకెల సంఖ్య యొకటి ముద్రింపబడుచున్నది. మొదటి రెండంకెలు వారమును, తక్కిన రెండు సంవత్సరమును తెలుపును. 2314 అనియున్నచో 2014వ సంవత్సరము ఇరువదిమూడవ వారమున చేయబడినదని యర్థము. మా మిత్రుని కారు టైర్లయందు గాళ్లు క్రొత్తవానివలెనే యుండెను. వానిపై మూడంకెలే యుండుటచే అవి గతశతాబ్దమునాటివని తేలెను. నాల్గింటిని తీసివేయించితిమి.

ఐదవది, మొదటి వేయి కిలోమీటర్లు. క్రొత్త పిస్టను రింగులు సిలిండరు గోడలతో చక్కగా పొందికపడవలెను. అందులకు మితిమీరిన వేగము హానికరము. కాని మితిమీరిన మెల్లదనమును హానికరమే. ఇంజనును గంటలకొలది నిలిచినచోట త్రిప్పినను రింగులు కుదురుకొనవు. కొంత భారము మోపుచు, వదలుచు, ఎక్కుచు దిగుచు, ఒకే వేగమున నిలువక నడుపవలెను. టర్బో ఒత్తిడిని మాత్రము మొదటి దినములలో హెచ్చుగా కోరరాదు. గాలి ఒత్తిడి మితిమీరినచో పెట్రోలు పంపును నిలిపివేయు రక్షక స్విచ్చి యొకటి ఈ కారునందు కలదు. అది పనిచేయుచున్నదో లేదో ముందే చూచుకొనవలెను. వేగముగా నడిపివచ్చిన తరువాత ఇంజనును వెంటనే ఆపరాదు. ఆపినతోడనే చమురు ప్రవాహము నిలుచును. కాని టర్బో ఇంకను కణకణ కాలుచునే యుండును. అందు నిలిచిన చమురు మాడి బొగ్గై, మార్గములను మూయును. ఒకటి రెండు నిమిషములు నెమ్మదిగా తిరుగనిచ్చి ఆపవలెను.

ఇంతవరకు యంత్రమును గూర్చి చెప్పితిమి. నడుపువానిని గూర్చియు చెప్పవలెను. ఈ కారునకు ఆంగ్లభాషలో విధవలను చేయునది అను అర్థము గల పేరు రూఢియైనది. అందులకు కారణము వట్టి వేగము గాదు. కావడి మోయువానిని తలచుకొనుడు. వెనుకకుండ బరువైనదై యుండగా అతడు పరుగెత్తుచు హఠాత్తుగా ప్రక్కకు తిరిగినచో ఆ కుండ వెలుపలికి విసురుకొనిపోయి మనిషిని త్రిప్పివేయును. ఈ కారున ఇంజను వెనుక యిరుసునకు వెనుక వ్రేలాడు బరువే. మలుపులో భయపడి పెట్రోలు పెడలుమీది పాదమును హఠాత్తుగా తీసినచో బండి బరువు ముందునకు వాలును. వెనుక టైర్ల పట్టు సడలును. వెనుకభాగము బయటికి విసురుకొనును. దీనికి టర్బో స్వభావము తోడగును. పెడలు నొక్కినతోడనే బలము రాదు. పొగ హెచ్చి చక్రము వేగమందుకొనువరకు కొన్ని క్షణములు జాగు కలుగును. పిమ్మట బలమంతయు ఒక్కమారుగా వచ్చిపడును. మలుపు మొదట నొక్కినవానికి ఆ బలము మలుపు నడుమ చేరవచ్చును. అందుచేత మలుపునకు మునుపే వేగము తగ్గించి, లోన సమముగా నడిపి, బాట తిన్ననైన పిదపనే బలమును కోరవలెను. మేము వర్షము లేని యొక ఆదివారము వేకువను నిర్జనమైన బాటను ఎన్నుకొని, వంతులవారీగా గాక, యజమానినే నడుపనిచ్చితిమి. ఆ కారు గుణమును నేర్చుకొనవలసినవా డతడే గదా.

కడపటిది, పరుల పరీక్ష. బ్రిటనునందు నలుబదియేండ్లు దాటి, పెద్ద మార్పులు పొందని కార్లకు ఎం.ఓ.టి. అను వార్షిక పరీక్ష అవసరము లేదని 2018 మే 20వ తేదినుండి నిర్ణయించిరి. బాటకు తగిన స్థితిలో నుంచు బాధ్యత మాత్రము యజమానిదే. జర్మనీయందు అట్లు గాదు. ముప్పదియేండ్లు దాటి, పూర్వరూపమున చక్కగా నిలుపబడిన కార్లకు 1997నుండి హెచ్ అను అక్షరముగల ప్రత్యేక సంఖ్యాఫలక మిచ్చుచున్నారు గాని, రెండేండ్ల కొకసారి జరుగు పరీక్ష వానికిని తప్పదు. మా మిత్రుడు చట్టము కోరకున్నను తన కారును ఎం.ఓ.టి. పరీక్షకు తీసికొనిపోయెను. "రెండేండ్లుగా చూచి చూచి నా కన్నులు ఈ బండి దోషములకు అలవాటుపడినవి, అలవాటుపడని కన్నులు కావలెను" అని యతడు చెప్పెను. పరీక్షకుడు వెనుకనున్న ఒక బ్రేకుగొట్టము చక్రమును రాయుచున్నదని కనిపెట్టెను. మేము నలుగురమును దానిని బిగించినవారమే, ఒక్కరమైనను చూడలేదు.

ఆ గొట్టమును సరిచేసిన పిమ్మట కారు బాట నెక్కెను. వేయి కిలోమీటర్లు నిండిన దినమున ఫిల్టరును కోసి చూచితిమి. మడతలలో చమురుతప్ప మరేమియు లేదు. మా మిత్రుడు ఆ ఫిల్టరు ముక్కను కాగితమున చుట్టి దాచుకొనెను.

విద్యార్థులారా, మీలో పలువురు ఇట్టి కారును కంటితో చూడకపోవచ్చును. కాని మన బాటలపై పోవు లారీలలోను, బస్సులలోను, పెక్కు డీజెలు కార్లలోను ఈ టర్బోయే నేడు తిరుగుచున్నది. గమ్యము చేరిన డ్రైవరు ఇంజనును వెంటనే ఆపక ఒక నిమిషము తిరుగనిచ్చుట మీరు చూచినచో, అది కాలవ్యయమని తలపకుడు. కంటికి కనబడని చిన్న యిరుసొకటి చల్లబడుటకై అతడు వేచియున్నాడని తెలిసికొనుడు. బాగుచేసితిమని నమ్ముట వేరు, బాగైనదని తెలిసికొనుట వేరు. ఆ రెంటికి నడుమనున్న దూరమును ఓపికతో నడిచినవాడే బండిని ఇంటికి తెచ్చును.